గాజు సీసాలో భోజలి

ఒక్క మనిషికి వంట చేసుకోవడమంత చిరాకు పని ఇంకొకటి లేదు. కావాలంటే చేసి చూడండి. బుధవారి బజారులో కాలీఫ్లవర్ కొంటే అది నలుగురు తినే పువ్వు. క్యాబేజీ కొంటే వారం రోజులూ అదే కూర, అదే పచ్చడి, అదే పప్పు. చివరికి మిగిలిన ముక్క ఫ్రిజ్జులో నల్లబడి, పారేయడానికి చేతులు రాక, తినడానికి మనసు రాక, ఇంకో రెండు రోజులు అక్కడే కూర్చుంటుంది. పోనీ కదా అని "సగం పువ్వు ఇస్తావా" అని కూరలవాణ్ణి అడిగితే ఎగాదిగా చూస్తాడు. ఆ చూపు పడలేకే రాజశ్రీ బ్రకోలీ మొలకల దారి పట్టింది.

రాజశ్రీకి నలభై ఏడేళ్ళు. బిలాస్‌పూర్ రైల్వేలో పర్సనల్ ఆఫీసు సూపరింటెండెంటు. తండ్రి ఆదినారాయణ లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఇరవై రెండేళ్ళకే ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. తమ్ముణ్ణి చదివించింది, తల్లిని చూసుకొంది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక అడ్డు వచ్చి పడేది. కొన్నాళ్ళకు ఆ మాట రావడమే మానేసింది. తమ్ముడు రమణబాబు జామ్‌నగర్‌లో ఉంటాడు. తల్లి మంగాయమ్మ పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచి రెండు గదుల క్వార్టరులో ఒక్కతే.

ఉద్యోగమైనా మరోలాంటిది దొరికిందా అంటే అదీ లేదు. ఆమె బల్ల మీదికి రోజూ వచ్చే కాగితాలన్నీ ఇతరుల సంసారాలే. రైలు పాసు కావాలంటే ఇంట్లో ఎవరెవరున్నారో రాసివ్వాలి. భార్య, ఇద్దరు పిల్లలు, తన మీదే ఆధారపడ్డ తల్లి, పెళ్ళికాని చెల్లెలు. ఒక్కొక్క పేరూ సరిచూసి రాజశ్రీ సంతకం పెడుతుంది. ఆమె సొంత కాగితం మీద మాత్రం ఒకటే పేరు ఉంటుంది. దాన్ని సరిచూడాల్సిన పని కూడా లేదు.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచే మనిషి లేదు. ఆఫీసులో మేడమ్. కాలనీ పిల్లలకి ఆంటీ. ఫోనులో తమ్ముడికి అక్క. తల్లి ఉన్నన్నాళ్ళూ "రాజీ, తినీసావేటే" అని వంటింట్లోంచి కేకేసేది. ఆ కేక నచ్చక చిన్నప్పుడు ఎన్నిసార్లు విసుక్కుందో. ఇప్పుడు ఆ కేక కోసం చెవి కోసుకొంటుందంటే నమ్మండి. చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు ఒక్కొక్కరే రిటైరై వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ పిల్లలు హిందీలోనే నవ్వుతారు, హిందీలోనే ఏడుస్తారు.

మొలకల సంగతి ఫోనులో చూసింది. షుగరు అంచుల్లో ఉంది, పచ్చివి తినండి అని రైల్వే ఆసుపత్రి డాక్టరు చెప్పి ఉన్నాడు. గింజలు తెప్పించుకొంది. ఆవగింజల్లా ఉంటాయవి, పక్కపక్కన పోస్తే తేడా తెలియదు. తల్లి ఆవకాయ పెట్టే వెడల్పు మూతి గాజు సీసాలో రెండు చెంచాల గింజలు రాత్రంతా నానబెట్టడం, పొద్దున్నే నీళ్ళు ఒంపేసి మూతికి పల్చటి గుడ్డ కట్టి, గిన్నెలో ఏటవాలుగా బోర్లించి చీకట్లో పెట్టడం, పొద్దునా సాయంత్రం కడిగి మళ్ళీ ఒంపడం. ఇంతే పని. ఒక్క పూట కడగడం మరిచిపోతే ఈ వానాకాలంలో కంపు కొడుతుంది. మొదటిసారి మూడో రోజున తెల్లటి నూగు కనిపిస్తే బూజు పట్టిందనుకొని మొత్తం పారేసింది. అది బూజు కాదని, వేళ్ళకు వచ్చే నూగని, నీళ్ళు తగిలితే అణిగిపోతుందని రెండోసారికి తెలిసింది. అయిదారు రోజులకు సీసా నిండుతుంది. పెరుగన్నం మీద గుప్పెడు వేసుకొని, ఉప్పు, నిమ్మరసం చల్లుకొని తింటే ముల్లంగి ఘాటు ముక్కుకెక్కుతుంది. మిగిలేది లేదు, పారేసేది లేదు. ఒక సీసా ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. అది ఆమెకు తెగ నచ్చింది. ఒక్కోసారి ఆ సరిపోవడమే నచ్చేది కాదు.

శ్రావణమాసంలో, రాఖీ పండగ నాలుగు రోజులుందనగా, ఒక మంగళవారం సాయంత్రం సుఖ్మతి గ్యాస్ సిలిండరు భుజాన వేసుకొని వచ్చింది.

సుఖ్మతి వెనక వరస క్వార్టర్లలోకి దిగి రెండు నెలలయింది. ట్రాక్ గ్యాంగులో పని. భర్త పోతే వచ్చిన ఉద్యోగమే ఆమెదీ. నలభై ఉంటాయి. దారిలో కనబడితే నమస్తే అంటే నమస్తే, అంతకుమించి మాటల్లేవు. ఆ రోజు రాజశ్రీ ఆఫీసులో ఉండగా గ్యాస్ బండివాడు వచ్చి, తలుపు తాళం చూసి, సిలిండరు సుఖ్మతి గుమ్మంలో దింపి పోయాడట. ఆమె దాన్ని తీసుకొచ్చి సరాసరి వంటింట్లో దింపింది. దింపి, నడుము నిలబెట్టుకొంటూ అటు చూసింది.

దేవుడి గూటి కింద చీకటి మూలలో సీసా ఉంది. మీద కప్పిన మంగాయమ్మ పాత ఎర్ర జాకెట్టు గుడ్డ జారి ఉంది. లోపల లేతపసుపు మొలకలు ఒకదాని మీద ఒకటి పడి తలలెత్తి చూస్తున్నాయి. సుఖ్మతి గబగబా బయటికి వెళ్ళింది. చెప్పులు గుమ్మం అవతల విడిచింది. కుళాయి దగ్గర చేతులు, కాళ్ళు కడుక్కొంది. లోపలికి వచ్చి సీసా ముందు మోకాళ్ళ మీద కూర్చొని రెండు చేతులూ జోడించింది.

"మీవోళ్ళు కూడా భోజలి పెడతారేటి మేడమ్. సీసాలో పెడతారేటి" అంది.

రాజశ్రీని రెండు సంగతులు ఒక్కసారే నిలబెట్టేశాయి. ఒకటి, ఆ తెలుగు. ఆరేళ్ళ తరవాత ఈ వంటింట్లో ఏటి అన్న మాట వినబడింది, అదీ ఒక ఛత్తీస్‌గఢీ మనిషి నోట. రెండు, ఆ భోజలి.

ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదానికి భోజలి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రావణంలో ఇక్కడి ఆడవాళ్ళు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. చీకటి గదిలో పెట్టి పసుపునీళ్ళు పోస్తారు. ఆ పచ్చటి మొలకలే అమ్మవారు. సాయంత్రాలు చుట్టూ కూర్చొని పాడతారు. రాఖీ మర్నాడు తలల మీద పెట్టుకొని అర్పా నదికి తీసుకెళ్ళి నీళ్ళలో కలుపుతారు. కాసిని మొలకలు మాత్రం మిగుల్చుకొని ఒకరి చెవిలో ఒకరు పెట్టుకొంటారు. అలా పెట్టుకొన్న ఇద్దరూ ఆ రోజునుంచి చచ్చేదాకా స్నేహితులు, ఒకరికొకరు భోజలి. కులం అడ్డు లేదు, ఇల్లు అడ్డు లేదు. చిన్నప్పుడు రాజశ్రీ క్లాసులో ఆడపిల్లలందరికీ ఒక్కొక్క భోజలి ఉండేది. ఆమె కూడా అడిగితే మంగాయమ్మ ఒప్పుకోలేదు. "ఆళ్ళవి ఆళ్ళకి, మనవి మనకి. మనకి పెళ్ళిళ్ళలో పాలికలున్నాయి, చాలు" అంది. ఆ పాలికలు పోసే పెళ్ళీ కాలేదు, అది వేరే సంగతి.

"తెలుగెలా వచ్చు నీకు" అని అడిగింది, చెప్పాల్సింది వదిలేసి.

"మా అమ్మ తెలుగోళ్ళ ఇళ్ళల్లో గిన్నెలు తోమేది కదా. నాను ఆళ్ళ పిల్లల్తో ఆడుకున్నాను. ఆళ్ళంతా వెళిపోయారు. మాట ఉండిపోయింది" అని నవ్వి, మళ్ళీ సీసావైపు తిరిగింది. "ఈ ఏడు నాను పెట్టలేదు మేడమ్. కొత్త క్వార్టరు, వానల్లో డ్యూటీ ఎప్పుడొస్తదో తెల్దు. పెట్టి ఎండబెడితే పాపం కదా. ఇక్కడ చూస్తే మనసు చల్లబడిపోయింది. రోజూ సాయంత్రం వచ్చి నీళ్ళు పొయ్యనా."

అది భోజలి కాదు, శుక్రవారం నేను తినబోయే కూర అని చెప్పాలి. ఒక్క ముక్క. చెబితే ఇద్దరూ నవ్వుకొనేవాళ్ళు, సుఖ్మతి చెప్పులేసుకొని వెళ్ళిపోయేది, అక్కడితో అయిపోయేది. అక్కడే వచ్చింది చిక్కు. రోజూ సాయంత్రం వస్తాను అన్న మాట ఆ ఇంట్లో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో మీకేం తెలుసు.

"రా" అంది రాజశ్రీ.

బుధవారం సుఖ్మతి ఆరింటికి వచ్చింది, తల స్నానం చేసి, చిన్న రాగి చెంబులో పసుపు కలిపిన నీళ్ళతో. సీసా గుడ్డ మీదుగా నీళ్ళు పోసి, ఒంపి, యథాప్రకారం బోర్లించి, గొంతు పైకి రాకుండా ఏదో పాడుకొంది. రాజశ్రీ పక్కన నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చివరికి జోడించింది. సిగ్గుతో చచ్చిపోయిందనుకోండి. కానీ పాట అయ్యాక "టీ తాగుతావా" అంటే "హవ్" అని ఆమె గోడకు ఆనుకొని కూర్చొంది. రెండో కప్పు కోసం అలమారు పైఅర దాకా చెయ్యి చాచాల్సి వచ్చింది. మంగాయమ్మ కప్పు అది. రెండుసార్లు కడిగినా అడుగున దుమ్ము గీత పోలేదు. సుఖ్మతి గంటసేపు కూర్చొంది. గ్యాంగు మేటు గురించి, ఎండలో రైలు పట్టా ఎలా కాలుతుందో, కోటా అనే ఊళ్ళో ఇచ్చిన కూతురికి నెల తప్పిందన్న సంగతి, అన్నీ చెప్పింది. వెళ్ళాక ఇల్లు మునుపటికన్నా ఖాళీగా అనిపించింది. మర్నాడు పొద్దున్న రాజశ్రీ మొలకలకు పట్టిన పసుపంతా కడిగేసింది. కడుగుతుంటే దొంగతనం చేసినట్టు వెనక్కి తిరిగి చూసుకొంది కూడా.

గురువారం టీ తాగుతూ "నన్ను మేడమ్ అనకు" అంది రాజశ్రీ. "రాజీ అను. మా అమ్మ అలాగే పిలిచేది."

"రాజీ" అంది సుఖ్మతి. కప్పు కింద పెట్టి, ఇంకోసారి అని చూసుకొంది. "రాజీ. బాగుంది."

రాజశ్రీ పంచదార తెస్తానని లోపలికి వెళ్ళింది. పంచదార ఎదురుగానే ఉంది. లోపల కొంగుతో కళ్ళు ఒత్తుకొని వచ్చింది.

"నీకు భోజలి ఉందా" అని వచ్చి అడిగింది.

"ఉండేది. కర్గీ రోడ్ స్టేషన్ దగ్గర మా పక్కిల్లే. చిన్నప్పుడు పెట్టుకున్నాం."

"పేరేమిటి."

సుఖ్మతి నాలుక కరుచుకొంది. "భోజలి పేరు నోటితో అనకూడదు. చెవిలో పెట్టుకున్నాక పేరు పోతది. భోజలీ అనే పిలవాల, ఎన్నేళ్ళయినా. అది పోయినేడు కామెర్లొచ్చి చచ్చిపోయింది. అందరూ పేరు పెట్టి ఏడిస్తే నాను మాత్రం భోజలీ భోజలీ అని ఏడిచాను. దాని పేరు ఇప్పుడు కూడా నా నోట రాదు."

ఆ రాత్రి రాజశ్రీ మంచం మీద అటూ ఇటూ దొర్లింది. చచ్చిపోయిన స్నేహితురాలి పేరు కూడా నోట పలకని మనిషి ముందు, సలాడ్ సీసాకి దండం పెట్టిస్తోంది తను. ఛీ అనిపించింది. రేపు చెప్పేయాలి అనుకొంది. చెబితే మరి వస్తుందా. ఎందుకు వస్తుంది. ఆమె వస్తున్నది సీసా కోసం, నీ మొహం చూడ్డానికి కాదు, అని తనకు తనే చెప్పుకొంది. అయినా చెప్పేయాలి. రాఖీకి ముందే చెప్పేయాలి.

శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి ఉల్లిపాయ పకోడీలు వేసింది. చెప్పేటప్పుడు మధ్యలో తినడానికి ఏదైనా ఉంటే కాస్త తేలికగా ఉంటుందని ఆమె ఆలోచన. ఆరయింది. వాన మొదలైంది. ఆరున్నరకు టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, దింపి, మళ్ళీ పెట్టింది. ఏడయింది. గుమ్మంలో నిలబడి చూస్తే వెనక వరసలో సుఖ్మతి క్వార్టరు చీకటిగా ఉంది. ఫోను నంబరు తీసుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది. ఏడున్నరకు పకోడీలు మెత్తబడి నూనె కారుతున్నాయి.

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. మామూలు కోపం కాదు. ఎవరి మీదో తెలియని కోపం. నాలుగు రోజుల పరిచయానికి పకోడీలు వేసుకొని కూర్చొన్నందుకు తన మీద, రానందుకు సుఖ్మతి మీద, ఒంటరిగా వదిలి పోయినందుకు తల్లి మీద. ఎవరొస్తారని దాచాలి, ఎవరి కోసం పూజలు చేయాలి. కంచంలో పెరుగన్నం కలిపింది. సీసా గుడ్డ విప్పి గుప్పెడు మొలకలు లాగింది, ఇంకో గుప్పెడు లాగింది. ఉప్పు చల్లింది, నిమ్మకాయ పిండింది. వంటింటి నేల మీదే కూర్చొని కసిగా నమలడం మొదలుపెట్టింది. ఘాటుకో దేనికో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రాజీ" అని గుమ్మంలో వినబడింది.

సుఖ్మతి చెప్పులు బయట విడిచి, తడిసిన ప్లాస్టిక్ కోటు తీసి పిండుతూ లోపలికి వచ్చింది. మోకాళ్ళదాకా బురద. "పట్టా మీదికి నీళ్ళొచ్చీసాయి. గ్యాంగు మొత్తాన్ని ఆపీసారు. భోజలికి నీళ్ళు పొయ్యలేదు కదా అని ఇంటిక్కూడా పోకుండా..."

మాట అక్కడే ఆగిపోయింది. సీసా గుడ్డ నేల మీద ఉంది. సీసా సగం ఖాళీగా ఉంది. కంచంలో మొలకలు పెరుగులో మునిగి ఉన్నాయి. రాజశ్రీ పెదవి మీద ఒక తీగ వేలాడుతోంది.

"ఏటి తింటన్నావు" అంది సుఖ్మతి.

రాజశ్రీ నోట్లోది మింగింది. అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది, మా తెలుగువాళ్ళం ప్రసాదంగా తింటాం అని. కోని యూనివర్సిటీలో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా నమ్మే అబద్ధమది. కానీ ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు. దొంగలా కూర్చొని ఇంకో దొంగతనం చేయబుద్ధి కాలేదు.

"అది భోజలి కాదు. బ్రకోలీ అని ఒక కూర. దాని మొలకలు. తినడానికే వేశాను. ప్రతి నెలా వేసుకొని తింటాను."

"నాకెందుకు చెప్పలేదు."

రాజశ్రీ పెదవి మీది తీగ తుడుచుకొంది.

"మూడు రోజులు దండం పెట్టాను కదా. పాడాను కదా. నువ్వు పక్కన నిలబడి చూసావు కదా." సుఖ్మతి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "గిన్నెలు తోమినదాని కూతురు, దీనికేటి తెలుస్తాది అనుకున్నావు. అంతే కదా మేడమ్."

రాజీ పోయింది. మేడమ్ వచ్చింది. సుఖ్మతి చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకొని వానలోకి వెళ్ళిపోయింది. నేల మీద ఆమె పాదాల తడి ఆరేదాకా రాజశ్రీ కంచం ముందునుంచి లేవలేదు.

శనివారం రాఖీ. రమణబాబుకు పోస్టులో పంపిన రాఖీ అందిందట, ఫోనులో బొటనవేలి బొమ్మ వచ్చింది. పదింటికి రాజశ్రీ వెనక వరసకు వెళ్ళింది. సుఖ్మతి గుమ్మంలోనే ఉంది, బియ్యం ఏరుతోంది. తలుపు మూయలేదు, రమ్మనీ అనలేదు.

"పనుంది మేడమ్" అంది, చేటలోంచి తల ఎత్తకుండా.

దారిపొడవునా కూర్చుకొన్న మాటల్లో ఒక్కటీ చెప్పకుండా అచ్ఛా అని వెనక్కి వచ్చింది. ఇంటికి వచ్చి మిగిలిన సగం సీసా చూసింది. తినబుద్ధి కాలేదు. పారేయబుద్ధి అంతకన్నా కాలేదు. పొద్దుటి కడుగుడు బాకీ ఉంది. కడిగింది. సాయంత్రం ఆరింటికి మళ్ళీ కడిగింది. వెలుతురు తగిలితే పచ్చబడతాయని కిటికీలో పెట్టింది. మంగాయమ్మ కప్పు పైఅరలోకి ఎక్కించబోయి, మళ్ళీ కిందనే ఉంచింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచే రోడ్డు మీద డోలు చప్పుడు. ఆడవాళ్ళు బుట్టలు తలకెత్తుకొని తోర్వా ఘాట్ వైపు పోతున్నారు. జానెడు పొడుగు పసుపుపచ్చని మొలకలు వాళ్ళ తలల మీద ఊగుతున్నాయి. రాజశ్రీ కిటికీలోంచి కాసేపు చూసింది. తరవాత చీర మార్చుకొంది. సీసా చంకన పెట్టుకొని వాళ్ళ వెనకాల నడిచింది. ఎవరో పిల్లలు ఆవకాయ సీసా చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు.

నది నిండుగా ఉంది. మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. సుఖ్మతిని వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతమందిలో చేతిలో బుట్ట లేని ఆడది ఆమె ఒక్కతే. పై మెట్టు మీద ఒక పక్కగా నిలబడి ఇతరుల భోజలి నీళ్ళలో కలవడం చూస్తోంది.

రాజశ్రీ వెళ్ళి పక్కన నిలబడింది. ఈసారి మాటలు కూర్చుకోలేదు.

"మొదటి రోజే చెప్పాలనుకొన్నాను. రోజూ వస్తానన్నావు. చెబితే రావని చెప్పలేదు. అంతే. నువ్వు గిన్నెలు తోమినదాని కూతురివని కాదు. మా ఇంటికి ఎవరూ రారు సుఖ్మతీ. ఆరేళ్ళయింది. నిన్ను కూర్చోబెట్టుకోవడానికి నీ దేవుణ్ణి అడ్డం పెట్టుకొన్నాను. తప్పే. శుక్రవారం నువ్వు రాలేదని కోపంతో తిన్నాను."

సుఖ్మతి నదినే చూస్తోంది. కింద ఎవరో ముసలామె చెవిలో ఇంకో ముసలామె మొలక పెడుతోంది.

"వానకి ఆగిపోయాను. రానని అనుకున్నావేటి" అంది, అటే చూస్తూ.

"అనుకొన్నాను."

"నన్ను తిడతా తిన్నావేటి."

"తిడుతూనే తిన్నాను."

సుఖ్మతి మొహం పక్కకు తిప్పుకొంది. నవ్వో ఏడుపో రాజశ్రీకి కనబడలేదు. అలాగే చెయ్యి చాచి సీసా తీసుకొంది. గుడ్డ జరిపి వాసన చూసింది. మొలకలు కిటికీ వెలుతురుకు పచ్చబడి, చిట్టి చిట్టి ఆకులు రెండేసి విప్పుకొని ఉన్నాయి.

"కుళ్ళలేదు" అంది.

"రెండు పూటలా కడిగాను. ఆరింటికి."

సుఖ్మతి మెట్లు దిగింది. రాజశ్రీ వెనకే దిగింది. మోకాళ్ళ లోతులో నిలబడి సీసాలోవన్నీ నదిలో ఒంపి, చివరి గుప్పెడు మాత్రం అరచేతిలో ఆపింది. అందులోంచి నాలుగు తీగలు ఏరి రాజశ్రీ చెవి వెనక పెట్టింది. అవి అంగుళం పొడుగు కూడా లేవు. జారి భుజం మీద పడ్డాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడ్డాయి. పక్కనున్న ఆడవాళ్ళు చూసి కిసుక్కుమన్నారు. మూడోసారి పడ్డవాటిని సుఖ్మతి పట్టుకొని, ఒక్క క్షణం చూసి, తన నోట్లో వేసుకొని నమిలింది. ఘాటుకు ముక్కు చిట్లించింది.

"ఇవి చెవిలో ఉండేవి కావు" అంది. మిగిలినవి రాజశ్రీ నోట్లో పెట్టింది. "నమిలీ. అయిపోయింది. సీతారామ్ భోజలీ."

రాజశ్రీ నమిలింది. సీతారామ్ అనేది భోజలి అయినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకొనే దండం. "సీతారామ్ భోజలీ" అని తిరిగి అంది. నోరు తిరగలేదు, అయినా అంది.

"ఇంక పేరు ఉండదు, తెలుసు కదా. నీది నాకు, నాది నీకు."

తెలుసు. రాజీ అని ఈ ఊళ్ళో పిలిచిన ఒకే ఒక్క మనిషి ఇక ఆ పేరు పలకదు. లెక్కపెడితే రెండు రోజులు దక్కింది ఆమెకు ఆ పిలుపు. నదిలోంచి మెట్లు ఎక్కుతూ రాజశ్రీ ఒక్క నిమిషం ఆగింది. పోతే పోయింది అనుకొంది.

చీకటి పడుతుండగా కాలనీ గేటు దాటారు. అక్కడ వెనక వరసకు దారి చీలుతుంది. ఇద్దరూ ఎవరి దారి వాళ్ళు పట్టారు. ఖాళీ సీసా చంకన పెట్టుకొని రాజశ్రీ నాలుగడుగులు వేసింది.

"భోజలీ" అని వెనకనుంచి కేక వినబడింది.

ఎవరినో పిలుస్తున్నారనుకొని ఇంకో రెండడుగులు వేసింది. తరవాత ఆగి, వెనక్కి తిరిగింది.

"ఏటి భోజలీ" అంది.

"రేపు గింజలు నానేసినప్పుడు నా వంతు కూడా వెయ్యి" అంది సుఖ్మతి.